16 నెలల బాబు రోజుకి పదిసార్లు పడుతున్నాడు: ఏ దెబ్బ ఇంట్లో చూసుకోవాలి, ఏ దెబ్బకి ఆసుపత్రికి పరుగెత్తాలి?

తప్పటడుగులు:

అందరికీ నమస్కారం. బాబుకి 16 నెలలు, బరువు 10 కిలోలు. నడక వచ్చి రెండు నెలలైంది. అది నడకలా లేదు, పరుగే. ఆగడం ఇంకా తెలియదు. నుదుటి మీద ఒక బొప్పి తగ్గేలోపు ఇంకోటి లేస్తోంది. ప్రతిదానికీ ఆసుపత్రికి వెళ్ళలేం, వెళ్ళకపోతే రాత్రంతా నిద్ర పట్టదు.

తలకి దెబ్బ తగిలితే ఏం చూడాలి, ఎంతసేపు చూడాలి? పడుకోనివ్వచ్చా? ఏడుస్తూ ఏడుస్తూ గుక్కపట్టి నీలంగా అయిపోతే అది తలదెబ్బ వల్లా, ఇంకేమైనా కారణమా? నోట్లోంచి రక్తం వస్తే ఏం చేయాలి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి, "జాగ్రత్తగా చూసుకోండి" అని మాత్రం కాదు.

---

పిల్లలవార్డు_నర్సు:

ముందుగా తల గురించి. భయం ఎక్కువ ఉండేదీ, పొరపాటు అంచనాలు ఎక్కువ జరిగేదీ అక్కడే.

బొప్పి ఎంత పెద్దదన్నది దాదాపు ఏమీ చెప్పదు. నెత్తిచర్మం నిండా రక్తనాళాలు, దాని వెంటనే కింద ఎముక. లోపలికి వెళ్ళే దారి లేక రక్తం పైకి ఉబ్బుతుంది, అందుకే నిమిషంలో గోలీకాయంత లేస్తుంది. బొప్పి ఎక్కడ ఉంది, పట్టుకుంటే ఎలా ఉంది అన్నవి చూడండి. నుదుటి ఎముక గట్టిది. అక్కడ గట్టిగా లేచిన బొప్పి, పిల్లవాడు మామూలుగా ఉంటే, సాధారణంగా ఇంట్లో చూసుకోదగ్గదే. చెవి పైన, కణత దగ్గర, తల వెనక లేచిన వాపు, ముఖ్యంగా నీళ్ళ సంచిలా మెత్తగా ఉంటే, రెండేళ్ళలోపు పిల్లల్ని అదే రోజు చూపించాలి. పక్క ఎముక పలచన, దాని లోపలి వైపునే పెద్ద రక్తనాళం పోతుంది. ఒక్కోసారి ఈ మెత్తని వాపు పడ్డ మరునాడు బయటపడుతుంది. కాబట్టి మర్నాడు తల దువ్వేటప్పుడు వేళ్ళతో ఓసారి తల అంతా తడమండి.

రెండోది ఎత్తు. రెండేళ్ళలోపు పిల్లలకి 3 అడుగులు, అంటే సుమారు 90 సెంటీమీటర్లు దాటిన ఎత్తు నుంచి పడితే, పైకి బాగానే ఉన్నా డాక్టర్ చూడాలి. సోఫా దీనికి సగం ఎత్తే ఉంటుంది. పెద్దవాళ్ళ చంకలోంచి జారితే మాత్రం 3 అడుగులు దాటినట్టే. "చేతిలోంచే కదా జారింది" అని తేలిగ్గా తీసుకునేది దీన్నే. మెట్ల మీంచి దొర్లినా, ఎత్తుకున్నవాళ్ళతో కలిసి పడినా అంతే. మూడు నెలలలోపు పసికందుకి తలకి ఏ దెబ్బ తగిలినా చూపించాల్సిందే.

వెంటనే బయల్దేరాల్సినవి: ఒక్క క్షణమైనా స్పృహ తప్పడం, ఫిట్స్, ముక్కులోంచో చెవిలోంచో పల్చటి నీళ్ళు గానీ రక్తం గానీ రావడం, ఎత్తుకున్నా ఊరుకోని ఏడుపు, మనిషిని చూసినా గుర్తుపట్టనట్టు ఉండటం, ఒక చెయ్యో కాలో సరిగ్గా కదపకపోవడం, నిన్నటిదాకా బాగా నడిచినవాడు ఇప్పుడు తూలడం, చెవి వెనక కొత్తగా నీలం, ఏడవకుండా కూర్చున్నప్పుడు కూడా మాడు ఉబ్బెత్తుగా కనిపించడం. మాడు సాధారణంగా 18 నెలలకల్లా పూడుకుంటుంది, మీ బాబుకి ఇంకా తెరిచి ఉండొచ్చు, ఇప్పుడే మామూలుగా ఎలా ఉందో చూసి గుర్తుపెట్టుకోండి. వాంతి ఒక్కసారి అయితే ఏడుపు వల్ల కావచ్చు. రెండోసారి అయితే ఇక ఆగొద్దు.

రెండు కళ్ళ చుట్టూ నీలం చూసి చాలామంది హడలిపోతారు. నుదుటి మీద పెద్ద బొప్పి లేచిన ఒకటి రెండు రోజులకి ఆ రక్తమే కిందికి జారి కనురెప్పలు నీలంగా అవుతాయి, అది మామూలే. నుదుటికి దెబ్బే లేకుండా రెండు కళ్ళ చుట్టూ నీలం కమ్మితే అది వేరు, పుర్రె అడుగున చిట్లిన గుర్తు కావచ్చు.

నిద్ర సంగతి. పడుకోనివ్వచ్చు. నిద్ర వేళకి, మామూలుగా ఆడుకుని, మామూలుగా పడుకుంటే అది మగత కాదు. నిద్రపోకుండా ఆపి ఏడిపిస్తే, చిరాకు దెబ్బ వల్లా నిద్ర లేకా అన్నది మీకే తెలియకుండా పోతుంది. నిద్రలో ఊపిరి, ముఖం రంగు చూడండి. బుగ్గ మీద తట్టండి. విసుక్కుని మీ చెయ్యి నెట్టేసి పక్కకి తిరిగితే చాలు, పూర్తిగా లేపక్కర్లేదు. తట్టినా కదలిక లేకపోతే, ఎంతకీ లేవకపోతే అదే మగత, వెంటనే ఆసుపత్రికి. మొదటి 4 నుంచి 6 గంటలు కళ్ళముందే ఉంచుకోండి, తర్వాత 24 గంటలదాకా ఒక కన్నేసి ఉంచండి. రెండో రోజు కొత్తగా వాంతులో మగతో మొదలైతే, "నిన్నటి దెబ్బ కదా" అని వదిలేయొద్దు.

ఐసు నేరుగా చర్మం మీద పెట్టొద్దు. గుడ్డలో చుట్టి 10 నిమిషాలు. పిల్లవాడు పెనుగులాడితే వదిలేయండి, వాపు కాస్త తగ్గడం తప్ప దానివల్ల ఒరిగేదేం లేదు. బొప్పిని అణుగుతుందని రుద్దొద్దు, రుద్దితే చర్మం కింద ఇంకా రక్తం కారుతుంది.

నొప్పికి పారాసెటమాల్, కిలోకి 15 మిల్లీగ్రాములు. 10 కిలోలకి 150. రెండు డోసుల మధ్య 4 నుంచి 6 గంటలు, 24 గంటల్లో నాలుగుకి మించొద్దు. తప్పు జరిగేది సీసా దగ్గర. 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే 3 మిల్లీలీటర్లు. 5 మిల్లీలీటర్లలో 120 ఉండేదైతే 6 మిల్లీలీటర్లు. ఒక మిల్లీలీటర్‌లో 100 ఉండే డ్రాప్స్ అయితే ఒకటిన్నర మాత్రమే. సిరప్‌కి చెప్పిన 3 మిల్లీలీటర్లు డ్రాప్స్‌లోంచి పోస్తే డోసు రెట్టింపైపోతుంది. ఇంట్లో ఒక్క రకం సీసానే ఉంచుకుని, దాని మీదే డోసు రాసిపెట్టండి. బరువు పెరిగినప్పుడల్లా మార్చండి. ఆస్పిరిన్ పిల్లలకి అసలు వద్దు.

ఆసుపత్రిలో స్కాన్ తీయకుండా కొన్ని గంటలు కూర్చోబెట్టి చూస్తామంటే అది నిర్లక్ష్యం కాదు. సీటీ స్కాన్‌లో రేడియేషన్ ఉంటుంది, కదలకుండా ఉంచడానికి ఒక్కోసారి మత్తు ఇవ్వాల్సి వస్తుంది. ప్రమాద లక్షణాలు లేని పిల్లవాడికి గంటల తరబడి గమనించడమే సరైన పరీక్ష.

---

ఊపిరి_లెక్క:

గుక్క గురించి నేను రాస్తాను, అది తలదెబ్బతో కలగాపులగం అయిపోతుంది కాబట్టి.

ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్నదే కీలకం. గుక్కపట్టేటప్పుడు ముందు ఏడుపు వస్తుంది, ఊపిరి బయటికి వదిలేసి మళ్ళీ తీసుకోడు, పెదాలు నీలమవుతాయి, ఒళ్ళు వాలిపోతుంది లేదా బిర్రబిగుస్తుంది, ఒకటి రెండు కుదుపులు కూడా రావచ్చు. సాధారణంగా నిమిషంలోపే ఊపిరి తీసుకుని తేరుకుంటాడు. తలదెబ్బ వల్ల స్పృహ పోతే సాధారణంగా మధ్యలో ఈ ఏడుపు ఉండదు, తగలగానే కళ్ళు తేలేస్తాడు.

చిక్కంతా రెండో రకం గుక్కతో. చిన్న దెబ్బ హఠాత్తుగా తగలగానే ఒక్క కేక వేసి, లేదా అదీ లేకుండా, పాలిపోయి వాలిపోతారు కొందరు. ఆ క్షణంలో గుండె వేగం ఒక్కసారిగా పడిపోవడం వల్ల అలా అవుతుంది. చూడటానికి తలదెబ్బకి స్పృహ తప్పినట్టే ఉంటుంది, ఇంట్లో తేడా కనిపెట్టలేం. కనిపెట్టే ప్రయత్నమూ చేయొద్దు, తలదెబ్బ కింద లెక్కేసి చూపించండి.

గుక్కపట్టినప్పుడు పక్కకి తిప్పి నేల మీద పడుకోబెట్టండి, చుట్టూ గట్టి వస్తువులు తీసేయండి, గడియారం చూడండి. కుదపడం, ముఖాన నీళ్ళు కొట్టడం, నోట్లో వేలు పెట్టడం వద్దు. ఎత్తి నిటారుగా పట్టుకుంటే మెదడుకి రక్తం ఇంకా తగ్గుతుంది, పడుకోబెట్టమనేది అందుకే. నిమిషం దాటినా ఊపిరి తీసుకోకపోతే అత్యవసర సాయం పిలవండి. మొదటిసారి వచ్చినప్పుడు ఎంత త్వరగా తేరుకున్నా డాక్టర్‌కి చెప్పి, రక్తంలో ఐరన్ చూడమని అడగండి. ఐరన్ తక్కువున్న పిల్లల్లో గుక్కలు ఎక్కువ, డాక్టర్ డోసు ప్రకారం ఇస్తే చాలామందిలో తగ్గుతాయి.

---

పాలపళ్ళు:

నోటి దెబ్బలో రక్తం ఉమ్మితో కలిసి రెట్టింపు కనిపిస్తుంది. ముందు అది గుర్తుపెట్టుకోండి.

బోర్లా పడ్డప్పుడు చాలాసార్లు తెగేది పై పెదవి లోపల, చిగురుకి అంటుకుని ఉండే సన్నటి పొర. రక్తం బాగా వస్తుంది కానీ సాధారణంగా కుట్లు అక్కర్లేదు, అదే మానుతుంది. పై పెదవిని బయటినుంచి పంటికి ఆనించి శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు నొక్కి పట్టుకోండి. ఆగిందో లేదో చూద్దామని నిమిషానికోసారి పెదవి ఎత్తడమే అసలు తప్పు. ఎత్తిన ప్రతిసారీ గడ్డకట్టిన రక్తం ఊడి మళ్ళీ మొదటికొస్తుంది. మూడు రోజులదాకా ఆ పెదవి పైకి లాగొద్దు.

నాలుక మీద చిన్న గాట్లు వాటంతటవే మానతాయి. అంచు చీలి రెండుగా విడిపోయినా, గాయం నోరు తెరుచుకుని ఉన్నా చూపించాలి. పెదవి రంగూ చర్మం రంగూ కలిసే గీత మీద తెగితే గాటు ఎంత చిన్నదైనా డాక్టర్ దగ్గరికే. ఆ గీత ఒక్క మిల్లీమీటరు తప్పి అతుక్కున్నా జీవితాంతం కనిపిస్తుంది.

పాలపన్ను పూర్తిగా ఊడి వస్తే తిరిగి గుచ్చొద్దు, కింద ఉన్న శాశ్వత దంతం మొగ్గ దెబ్బతింటుంది. పెద్ద పిల్లల శాశ్వత దంతానికి చెప్పే సలహా దీనికి సరిగ్గా వ్యతిరేకం, కలిపేసుకోకండి. ఊడిన పన్ను వెతికి దొరకబుచ్చుకోండి. దొరక్కపోతే, ముఖ్యంగా దగ్గు మొదలైతే, ఊపిరితిత్తిలోకి పోయిందేమో చూడాలి. చిగుట్లోకి దిగిపోయి పొట్టిగా కనిపించే పన్నుని కూడా దంతవైద్యులకి చూపించండి. కొన్ని వారాలకి పన్ను బూడిదరంగులోకి మారొచ్చు. నొప్పి, చిగురు వాపు, చీము లేకపోతే దాన్ని గమనిస్తే సరిపోతుంది.

ఒకటి మాత్రం ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. బ్రష్షు, చెంచా, పుల్ల, పెన్ను, స్ట్రా నోట్లో పెట్టుకుని పరుగెత్తనివ్వకండి. అలా పడి అంగిలి వెనక భాగంలో గుచ్చుకుంటే చిన్న రంధ్రమే కనిపిస్తుంది, రక్తం ఆగిపోతుంది, పిల్లవాడు ఆడుకుంటాడు. కానీ గొంతు పక్కనే మెదడుకి వెళ్ళే పెద్ద ధమని ఉంది. దాని గోడ నలిగితే లక్షణాలు గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత వస్తాయి. అలాంటి గాయం ఎంత చిన్నదైనా అదే రోజు డాక్టర్ చూడాలి. గుచ్చుకున్నది ఇంకా లోపలే ఉంటే లాగొద్దు.

చర్మం తెగిన గాయాలకీ ఇదే పద్ధతి: 10 నిమిషాలు తీసి చూడకుండా నొక్కడం, రక్తం ఆగాక కుళాయి ధార కింద కడగడం. దూది వద్దు, పీచు గాయంలో ఉండిపోతుంది. స్పిరిట్ వద్దు, మంట తప్ప మేలు లేదు. అంచులు విడిపోయి ఉంటే, 10 నిమిషాలకీ రక్తం ఆగకపోతే కుట్లో, ఆసుపత్రిలో గాయం అతికించే జిగురో కావాలి, అదే రోజు వెళ్ళండి. తల మీద తెగినచోట ఎముక లోపలికి నొక్కుకుపోయినట్టు అనిపిస్తే మాత్రం గట్టిగా అదమొద్దు, గుడ్డ కప్పి తీసుకెళ్ళండి.

---

తప్పటడుగులు:

చాలా సాయం చేశారు, ముగ్గురికీ కృతజ్ఞతలు. చెయ్యీ కాలూ గురించి కూడా చెప్పరా? పడబోతుంటే చెయ్యి పట్టి గుంజుతాం కదా, తర్వాత ఆ చెయ్యి వాడకపోతే విరిగిందనుకోవాలా? ఇంకొకటి, మెట్లకి గేటు కొనాలి, ఎలాంటిది కొనాలో తెలియడం లేదు.

---

ఎముకగూడు:

తప్పటడుగులు గారు, మీరు చెప్పినట్టు గుంజితే విరగడం కన్నా మోచేయి జారడమే ఎక్కువ. ఏడాది నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లల్లో ముంజేతి ఎముక తలని పట్టి ఉంచే కట్టు వదులు. మణికట్టు పట్టి లాగినా, రెండు చేతులూ పట్టి ఊయలలా ఊపినా ఆ కట్టు జారి కీలులో ఇరుక్కుంటుంది. గుర్తులు చాలా స్పష్టం. వాపు ఉండదు, కమలదు. చెయ్యి ఒంటికి ఆనించి, మోచేయి కాస్త వంచి, అరచెయ్యి లోపలికో కిందికో తిప్పి అలాగే ఉంచుతాడు. కదపకపోతే ఏడవడు, ఇంకో చేత్తో ఆడుకుంటాడు.

తెలిసిన డాక్టర్ చేతిలో దీన్ని సర్దడం క్షణాల పని. చిన్న క్లిక్ తెలుస్తుంది, సాధారణంగా అరగంటలోపే ఆ చేత్తో బొమ్మ అందుకుంటాడు. వీడియో చూసి ఇంట్లో మాత్రం తిప్పకండి. లాగడం వల్ల కాక పడటం వల్ల మొదలైతే, వాపు ఉంటే, అది మోచేయి దగ్గర విరిగిన ఎముక కావచ్చు. దాన్ని తిప్పితే నరం, రక్తనాళం నలుగుతాయి. ఒకసారి జారిన చెయ్యి మళ్ళీ జారే అవకాశం ఎక్కువ, కాబట్టి ఇకనుంచి ఎత్తాలంటే చంకల కింద చేతులు వేసే ఎత్తండి. అలా ఎత్తినప్పుడు మాత్రమే ఏడుస్తుంటే భుజం ముందున్న జత్రుక (కాలర్ బోన్) మీద వేళ్ళు పెట్టి చూడండి, అది చిట్లి ఉండొచ్చు.

కాలి విషయంలో పొరపాటు ఎక్కువ. పరుగెత్తుతూ కాలు మెలితిరిగి పడితే, పడ్డది ఎంత చిన్నగా అయినా, మోకాలి కింద ఎముకలో సన్నటి చీలిక రావచ్చు. వాపు, వంకర ఏమీ ఉండవు. నిలబడడు, లేదా కుంటుతాడు, నడక మానేసి మళ్ళీ పాకుతాడు. మొదటి రోజు ఎక్స్‌రే శుభ్రంగా రావచ్చు. 7 నుంచి 10 రోజులకి ఎముక మానుతున్న గీత పడ్డాక కనిపిస్తుంది. "ఎక్స్‌రేలో ఏం లేదన్నారు, అయినా కాలు మోపడం లేదు" అంటే మళ్ళీ వెళ్ళాలన్నమాట. జారుడుబల్ల మీద పిల్లవాణ్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని జారడం కూడా ఇలాంటి చీలికకి పెద్ద కారణం. పిల్లవాడి బూటు అంచుకి తట్టుకుని ఆగుతుంది, పెద్దవాళ్ళ బరువు ముందుకి తోస్తుంది, కాలు మెలిపడుతుంది. ఒంటరిగా జారితే ఆ బలం ఉండదు.

కుంటడంతో పాటు జ్వరం ఉంటే అది పడటం వల్ల అనుకోవద్దు. కీలులో చీము పట్టి ఉండొచ్చు, గంటల లెక్కన చూడాల్సిన జబ్బు.

ఎముక వంకర కనిపిస్తే ఎలా ఉందో అలాగే మెత్తటి గుడ్డతో ఆసరా ఇచ్చి తీసుకెళ్ళండి. దారిలో తినడానికి, తాగడానికి ఏమీ పెట్టకండి, మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

కమిలిన మచ్చలు మోకాళ్ళ మీద, పిక్క ముందు ఎముక మీద, నుదుటి మీద ఉండటం నడిచే పిల్లలకి సహజం. చెవి మీద, మెడ మీద, పొట్ట, వీపు మీద కారణం లేకుండా కనిపిస్తే డాక్టర్‌కి చూపించండి. రక్తం గడ్డకట్టని జబ్బు ఉందేమో చూడాలి, ఎవరి చేతిలోనైనా దెబ్బ తిన్నాడేమో కూడా చూడాలి.

---

స్క్రూడ్రైవర్:

గేటు గురించి. మెట్ల పైన పెట్టేది గోడకో గట్టి చెక్కకో స్క్రూలతో బిగించేదే అయి ఉండాలి. స్క్రూలు లేకుండా, రెండు వైపులా గోడల్ని నొక్కుతూ ఒత్తిడి మీద నిలబడే గేటు పైన పెట్టకూడదు. పిల్లవాడు పట్టుకుని వారం ఊపితే వదులవుతుంది, ఒక రోజు గేటుతో సహా కిందికి వస్తాడు. పైగా దాని కింద అడ్డపట్టీ ఉంటుంది, బిడ్డనెత్తుకున్న పెద్దవాళ్ళ కాలు దానికి తట్టుకుంటుంది. ఒత్తిడి గేటు మెట్ల అడుగున, గదుల మధ్య పర్వాలేదు. పై గేటు మెట్ల వైపుకి తెరుచుకోకూడదు. ఎత్తు పిల్లవాడి ఎత్తులో కనీసం ముప్పావు వంతు ఉండాలి, కింద సందు 5 సెంటీమీటర్లకి మించకూడదు. ఎక్కడం నేర్చిన రోజున గేటు తీసేయండి. దాటబోయి పడితే గేటు ఎత్తు కూడా పడే ఎత్తుకి కలుస్తుంది.

గేటు కన్నా ముందు చేయాల్సిన పని ఇంకోటి ఉంది. సొరుగుల బీరువాలు, పుస్తకాల అరలు, టీవీ గోడకి బిగించండి. కింది సొరుగులు తెరిచి మెట్లలా ఎక్కుతారు, బరువు ముందుకి వచ్చి మొత్తం మీద పడుతుంది. బొప్పి మానుతుంది, ఇది ప్రాణం తీస్తుంది. బరువైనవి కింది సొరుగుల్లో పెట్టండి, పిల్లవాడికి ఇష్టమైన బొమ్మ బీరువా నెత్తిన పెట్టకండి.

కిటికీ దోమతెర బరువు ఆపదు. తెరిచే సందు 10 సెంటీమీటర్లు దాటకుండా అడ్డు బిగించండి, కిటికీ కింద మంచం, కుర్చీ ఉంచకండి. చక్రాల వాకర్ ఉంటే ఇంట్లోంచి పంపేయండి. నడక త్వరగా రాదు సరికదా, మెట్ల వైపు మనం అందుకోలేనంత వేగంగా పోతుంది. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. నున్నటి నేల మీద సాక్సులు తీసేయండి, ఒట్టి కాళ్ళకి పట్టు దొరుకుతుంది. మూలలకి అంటించే నురుగు ముక్కలు పళ్ళొచ్చిన పిల్లలు పీకి నోట్లో పెట్టుకుంటారు, ఉక్కిరిబిక్కిరి అవుతారు. అవి పెట్టే బదులు ఆ బల్లనే కొన్నాళ్ళు పక్క గదిలోకి మార్చండి. ఈ వయసులో తల బరువు ఎక్కువ, వంగితే తలకిందులుగా పడతారు. నీళ్ళున్న బకెట్ ఏదీ ఉంచకండి, అడుగున 5 సెంటీమీటర్ల నీళ్ళున్నా ప్రమాదమే.

---

తప్పటడుగులు:

గేటు స్క్రూలదే తీసుకుంటాం. మెట్ల పక్క కటకటాల సందు కొలిచాను, 13 సెంటీమీటర్లు ఉంది. పర్వాలేదా?

---

స్క్రూడ్రైవర్:

పర్వాలేదనడానికి లేదు, 10 సెంటీమీటర్లలోపే ఉండాలి. 13 సెంటీమీటర్లలో మొండెం దూరిపోతుంది, తల ఇరుక్కుని వేలాడే ప్రమాదం ఉంది. పిల్లవాడు ఉండే వైపు నుంచి, నేలకి ఆనేలా, పైకమ్మీ దాకా పారదర్శకమైన పాలీకార్బనేట్ రేకు బిగించండి. రంధ్రాలు చేసి ప్రతి 20 సెంటీమీటర్లకి ఒక ప్లాస్టిక్ టై వేసి, తోకలు బయటివైపుకి తిప్పి కత్తిరించండి. వల కట్టాలనుకుంటే బిగుతుగా కట్టండి, వదులు వలలో కాలు పెట్టి ఎక్కేస్తారు. అడ్డంగా తాడు మాత్రం కట్టొద్దు, అది నిచ్చెన అవుతుంది. బిగించాక మీ మోకాలితో బలంగా నెట్టి చూడండి, ఆరు వారాలకోసారి టైలు పెళుసెక్కాయేమో చూసి మార్చండి.